ఎరువు వేయని కయ్య

తాత పోయాడని నాకు ఉదయం తొమ్మిది గంటలకు ఫోను వచ్చింది. చేసింది ఆయన భార్య. ఆమెను ఊళ్ళో అందరం అవ్వ అనే పిలుస్తాం. "మీ తాత పోయినాడు మేడమ్మా. ప్రొద్దుటూరు ఆస్పత్రిలోనే" అంది. వెనక ఎవరో ఏడుస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నువ్వు పక్కనే ఉండావా అవ్వా? కండ్లారా చూసినావా?" అని. "నమ్మకం లేకుంటే వచ్చి సూసుకో" అని అవ్వ ఫోను పెట్టేసింది.

చదివేవాళ్ళు నన్ను రాతిగుండెదాన్ని అనుకోవచ్చు. కానీ ఆయనతో రెండేళ్ళు పనిచేసినవాళ్ళు ఎవరైనా అదే అడిగి ఉంటారు. ఒకసారి తనకు జ్వరమని, పొలానికి రాలేనని కబురు పంపాడు. ఆ రోజు మేం వరి పిలకలు లెక్కపెట్టాల్సి ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళి బురదలో వంగి దుబ్బు దుబ్బుకూ లెక్కపెట్టుకుంటున్నాను. సగం పని అయ్యాక నడుము నొప్పిపుట్టి లేచి నిలబడితే, పక్క రైతు మోటారు గది వెనకనుంచి ఒక తలపాగా తొంగి చూస్తోంది. జ్వరం లేదు, ఏమీ లేదు. ఎవరూ చూడకపోతే నేను మడిలోకి దిగుతానా, లేక గట్టుమీద కూర్చుని అంకెలు అల్లుకుంటానా అని చూడడానికి పొద్దున్నుంచీ అక్కడ నిలబడ్డాడు. దొరికిపోయినందుకు సిగ్గుపడనైనా లేదు. "దిగినావులే. నేను దిగవనుకున్యా" అని తీరిగ్గా నడిచొచ్చాడు.

అందుకే ఆ ఉదయం కూడా ఇదేదో పరీక్షేమో అని ఒక్క క్షణం అనిపించింది. అవ్వ అబద్ధమాడే మనిషి కాదని మనసుకు తెలుస్తూనే ఉంది. ఆస్పత్రికి వెళ్ళి ముఖం చూశాక గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. నేను ప్రొద్దుటూరుకు దగ్గర్లో, కేసీ కాలువ కింద ఉన్న ఒక ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిని. రైతులకు విత్తనాలు, ఎరువుల సంగతి చెప్పడం నా ఉద్యోగం. పుట్టింది పులివెందుల వైపు. మా నాన్నకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. వరిపైరు పక్కన బస్సులో పోవడమే తప్ప, ఉద్యోగం వచ్చేదాకా వరి మడిలో కాలు పెట్టిన పాపాన పోలేదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వకూడదని పుస్తకాలు తెగ చదువుకుని వచ్చాను. తాత రెండో రోజే పట్టేశాడు. "చెప్పులతో మడిలో దిగినోళ్ళను నేను నిన్నొక్కదాన్నే సూసినా మేడమ్మా" అన్నాడు. చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. ఆయనే చెయ్యి పెట్టి తీసి కడిగి ఇచ్చాడు. నా గుట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఆయన కూడా వరికి కొత్తే. ఆయనది కొండాపురం దగ్గర ఊరు. గండికోట జలాశయం నిండినప్పుడు ఆ ఊరు నీళ్ళలోకి పోయింది. అరవై ఏళ్ళు శనగ, జొన్న, శెనక్కాయలు పండించిన మనిషి. వానకోసం ఆకాశం వైపు చూడడం తప్ప, మడవ తీసి నీళ్ళు పెట్టుకునే సేద్యం ఎరగడు. అందరితోపాటు పునరావాస కాలనీలో కూర్చోలేక, ఈ కాలువ కింద ఎకరన్నర సంపాదించుకుని అవ్వతో వచ్చేశాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ను 'మునక ఊరాయన' అనేవాళ్ళు. ఎదురుగా కాదు.

ఆయనకు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. విత్తనాల సంచి కొంటే కుట్టు తిరగేసి చూసేవాడు, విప్పి మళ్ళీ కుట్టారేమోనని. వాతావరణం కబురు ఫోనులో వస్తే, చీమలు గుడ్లు మోస్తున్నాయా లేదా అని పోయి చూసుకునేవాడు. ఆదివారం జమ్మలమడుగు చర్చికి వెళ్ళొచ్చేవాడు గదా, పాస్టరయ్య చెప్పిన వాక్యాన్ని ఇంటికొచ్చాక పక్కింటి కోడలితో బైబిల్లో వెతికించి చదివించుకునేవాడు. దేవునిమీద నమ్మకం లేక కాదు. మధ్యలో మనుషులున్నారు గదా అనేవాడు.

ఈ గుణం ఎప్పుడు వచ్చిందో ఒకసారి చెప్పాడు. ఊరు ఖాళీ చేయించేటప్పుడు నష్టపరిహారానికి చెట్ల లెక్క రాసుకోవడానికి మనుషులొచ్చారట. ఆయన పొలంలో తొమ్మిది చెట్లు. కాగితంలో ఆరే పడ్డాయి. వెళ్ళి అడిగితే కాగితం తిప్పి చూపించారు. "నా పొలంలో చెట్లు నాకు తెలవవా? కాగితానికి తెలుసంట. నా నోరు అబద్ధం, వాళ్ళ కలం నిజం" అన్నాడు. అన్నప్పుడు నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మా కాలువ కింద ఒక అలవాటు ఉంది. ఏ రకం వరి వేశామన్నది చూడరు. పక్క కయ్య, అంటే పక్క మడి, ఎంత నల్లగా ఉందో చూస్తారు. ముదురు ఆకుపచ్చనే మావాళ్ళు నలుపంటారు. మన కయ్య పక్కవాడి కయ్యకన్నా ఒక పిసరు తక్కువగా కనబడితే చాలు, ఇంకో బస్తా యూరియా పడాల్సిందే. పక్కవాడు అది చూసి తనూ ఇంకోటి. అలా గట్టుకు ఇటూ అటూ పోటీలు పడి చల్లుతారు. చివరికి ఒక పొలంలో పైరు పడుకుంటుంది, ఇంకో పొలంలో తెగులు పడుతుంది. అప్పుడు విత్తనాన్ని తిడతారు.

అన్ని రకాలూ యూరియాను ఒకేలా తీసుకోవని కళ్ళకు చూపించాలని పైనుంచి నాకు ఒక పని అప్పజెప్పారు. మూడు రకాల వరి. ఒకటి తినడానికి ఇళ్ళల్లో ఉంచుకునే పాత పొడుగు రకం. రెండోది అందరూ వేసే సన్నాలు. మూడోది పరిశోధన కేంద్రం వాళ్ళిచ్చిన కొత్త పొట్టి రకం. ఒక్కో రకాన్ని మూడు చిన్న కయ్యలుగా విడగొట్టాలి. ఒక కయ్యకు ఏ ఎరువూ వేయకూడదు. ఒకదానికి మేం చెప్పినంత, మూడోదానికి రైతులు వేసేంత. పంట చివర్లో మూడింటినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలి.

పొలం ఇస్తామని ఒక్కరూ ముందుకు రాలేదు. ఎరువు లేని కయ్యను కళ్ళెదురుగా పసుపు రంగుకు తిరిగి ఎండిపోనివ్వడం రైతుకు చేతకాని పని. తాత ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకున్నావని అడిగితే, "మీరు చెప్పేది నమ్మక" అన్నాడు. "నమ్మింటే ఇంటికాడ కూసోని ఇనుండేవాణ్ణి గదా. నా కండ్ల ముందర పెట్టు. సూస్తా."

పెట్టాను. ఇద్దరం కళ్ళలో వత్తులు వేసుకుని చూశాం. ఆకు రంగు పోల్చడానికి నా దగ్గర ఒక ప్లాస్టిక్ పట్టీ ఉండేది. లేతాకుపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా గడులుంటాయి. ఆకును దానిమీద పెట్టి, ఏ గడికి సరిపోతే దాన్నిబట్టి యూరియా వేయాలా వద్దా తేల్చాలి. తాత ఆ పట్టీని ఎండకు అడ్డంగా నిలబడి, తన నీడలో పెట్టి, కళ్ళు చికిలించి చూసేవాడు. "ఈ పట్టీ ఎండకు ఎలిసిపోయింటే? అప్పుడు తప్పు ఆకుదా, దీనిదా?" అన్నాడు. మరుసటి వారం ఆఫీసునుంచి కొత్త పట్టీ తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతది నిజంగానే వెలిసిపోయి ఉంది. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సన్నాలు పుట్టుకతోనే కాస్త లేత రంగు. ఆ లేతదనం చూసి ఆకలనుకుని యూరియా వేస్తే తప్పు. కొత్త పొట్టి రకం ఎంత వేసినా తిని నిలబడుతుంది, ఒక హద్దు వరకూ. పొడుగు రకానికి కొంచెం ఎక్కువైనా కాండం సాగి సాగి తన బరువు తానే మోయలేదు. ఇదంతా నేను పుస్తకంలో చదివి వచ్చాను. ఆయన చూసి కనుక్కున్నాడు. "ఒక్కో వడ్లకు ఒక్కో ఆకలి మేడమ్మా. మనం అందరికీ ఒకే గిన్నెతో పోస్తాండాం" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "పైరు నల్లగా ఉంటే సంబరపడాకు. యాల నల్లగుండాదో అడుగు."

ఆ మాట అన్న మనిషి పొలంలోనే నలుపు వచ్చింది. మూలన, కాలువ వైపు, పొడుగు రకానికి ఎరువు వేయని కయ్య ఉంది. మిగతా రెండు రకాల్లో ఎరువు లేని కయ్యలు ఎలా ఉండాలో అలాగే పాలిపోయి పీలగా ఉన్నాయి. ఇది మాత్రం నిగనిగలాడుతూ నల్లగా లేచింది. ఏదో తేడా ఉంది. నేను మొదట పట్టీని అనుమానించాను, తర్వాత నా కళ్ళను. మూడోసారి ఆయన్ను అనుమానించాను.

ఆలోచించిన కొద్దీ నాకు అదే నిజమనిపించింది. పొడుగు వడ్లంటే ఆయనకు ఇష్టం. జొన్న రొట్టె తర్వాత ఆయన నోటికి రుచించిన అన్నం అదొక్కటే. అది పీలగా ఉంటే చూడలేక, నేను లేనప్పుడు పిడికెడు పిడికెడు చల్లుతున్నాడని తీర్మానించుకున్నాను. అప్పటినుంచి చెప్పకుండా, వేళగాని వేళల్లో పొలానికి పోవడం మొదలుపెట్టాను. ఒకరోజు ఉదయం చినుకులు పడుతున్నాయి. స్కూటరు దూరంగా ఆపి గెనిమ మీద నడిచి వెళ్ళాను. గెనిమ అంటే మా వైపు కయ్యల మధ్య గట్టు. తాత సరిగ్గా ఆ మూల కయ్యలోనే నిలబడి ఉన్నాడు. తలమీద ఖాళీ యూరియా సంచి. వానకు మా వైపు సంచిని మూలకు మడిచి తలమీదనుంచి వీపు మీదికి కప్పుకుంటారు, అది నాకూ తెలుసు. కానీ ఆ పొద్దు నాకు సంచిమీద అక్షరాలే కనబడ్డాయి. ఫోను తీసి ఫోటో తీసుకున్నాను. ఆయన నన్ను చూశాడు. నేనూ చూశాను. వెనక్కి తిరిగి స్కూటరు దగ్గరికి నడిచాను.

కోతకు ముందు గాలి వచ్చి, మూల కయ్య పైరంతా నేలకు ఒరిగిపోయింది. ఎరువు లేని కయ్య పడిపోవడమేమిటి? నా అనుమానానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! రిపోర్టులో చివర ఒక వాక్యం రాశాను: రైతు రహస్యంగా యూరియా చల్లినందువల్ల ఈ కయ్య ఫలితం చెల్లదు. రాసి సంతకం పెట్టి, ఆ ఫోటో కూడా జతచేసి పంపాను. అది ఆఫీసు ఫైల్లో పడి ఉంటుందనుకున్నాను.

పొలం దగ్గర షామియానా వేసి ఊరి రైతులందరినీ పిలిచి ఫలితాలు చెప్పే రోజు, పైనుంచి వచ్చిన అధికారి ఆ రిపోర్టు తీసి మొత్తం చదివారు. ఆ వాక్యంతో సహా. ముందు ఒక రైతు నవ్వాడు. ఆయనకు కాలువ మొదట్లో పొలం ఉంది, గొంతు పెద్దది. "మునక ఊరాయన మునిగి దొరికినాడ్రా!" అన్నాడు. షామియానా అంతా నవ్వింది. తాత లేచి నిలబడ్డాడు. "నేను సల్లలా" అన్నాడు. అంతే. అధికారి, "ఫోటో కూడా ఉంది పెద్దాయనా, కూర్చో" అన్నారు. ఆయన కూర్చోలేదు. నావైపు ఒకసారి చూసి, కాలువ గట్టెక్కి వెళ్ళిపోయాడు. ఆ చూపులో కోపం లేదు. ఇలాంటిది ఇంతకుముందే చూసినవాడిలా చూశాడు. చెట్ల లెక్క చెప్పి ఆయన నవ్విన నవ్వు నాకు అప్పుడు అర్థమైంది. అయినా నేనే సరి అనుకున్నాను.

వేసవి వచ్చింది. ఒక సాయంత్రం ఆ దారిన పోతుంటే తాత పొలంలో తడికలు కట్టి, లోపల గొర్రెల మంద కనిపించింది. కోత అయ్యాక ఖాళీ పొలంలో రాత్రిళ్ళు మంద నిలపడం మా జిల్లాలో ఎప్పటినుంచో ఉన్నదే. గొర్రెల పెంట, మూత్రం పొలానికి బలం. కాపరి తడికలు సర్దుతున్నాడు. ఊరికే పలకరించాను. "పోయినేడు గూడా ఈడ కట్టినావా అన్నా?" "కట్టినామ్మా. ఆ మూలన మొదలుపెట్టి నాలుగు రాత్రుళ్ళు కట్టినా. అంతలో మా బిడ్డకు కాన్పు నొప్పులని కబురొచ్చె. మందను తోలుకోని పోయినా. ఈసారి పొలమంతా కడతాండా" అన్నాడు. చెయ్యి చాపి చూపించిన మూల అదే.

నాకు తల కొట్టేసినట్టయింది. స్కూటరు అక్కడే వదిలి తాత ఇంటికి నడిచాను. ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. "మంద కట్టించినావని నాకు యాల చెప్పలా తాతా?" అన్నాను. గట్టిగానే అన్నాను, తప్పు నాదని తెలిసీ.

"ఏమేం బస్తాలు ఏసినావు, ఎన్ని ఏసినావు అని అడిగినావు. రాసుకున్నావు. గొర్రెలు బస్తాల్లో వస్తాయా?"

"మరి ఆ పొద్దు వానలో సంచి కప్పుకొని ఆ కయ్యలో ఏం చేస్తాండావు?"

"నీకోసం కాపు గాస్తాండా."

నాకు అర్థం కాలేదు. ఆయన తాడు పక్కన పెట్టాడు. "ఆ కయ్య నల్లబడేది నేనూ సూసినా. నేను సల్లలా. ఇంగ సల్లేదెవురు? నువ్వే అనుకున్యా. నా పొడుగు వడ్లు పడిపోతే, నేను ఇసుగొచ్చి మీ పొట్టి ఇత్తనాలు తీసుకుంటానని నువ్వే సల్లిపోతాండావనుకున్యా. పట్టుకుందామని తెల్లారకముందే వచ్చి నిలబడేవాణ్ణి" అన్నాడు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. "నేను నిన్ను అనుమానించినా, నువ్వు నన్ను అనుమానించినావు. దానికేం లేదు. నేను కాగితం మీద రాయలా మేడమ్మా. నువ్వు రాసినావు."

క్షమించమన్నాను. కాగితం మారుస్తానన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకు చెప్పేదేంది? నాకు తెలుసు గదా నేను సల్లలేదని. నవ్వినోళ్ళకు చెప్పు. మళ్ళా అట్లనే షామియానా ఏస్తారు గదా, అప్పుడు చెప్పు."

చెప్తానని మాటిచ్చాను.

మరుసటి ఏడు మళ్ళీ ఆయన పొలంలోనే పెట్టాం, ఈసారి మంద సమానంగా నిలిపిన చోట. నారు పోయకముందే నన్ను గెనిమ మీద కూర్చోబెట్టి, "అడుగు" అన్నాడు. ఏమడగాలి? "అన్నీ అడుగు. మూడేండ్లనాటివి. ఈడ ఏం పంట, యాడ పెంటదిబ్బ ఏసినాం, బర్రెను యాడ కట్టేసినాం, గడ్డి యాడ కాలింది." నేను అడుగుతుంటే ఆయన గుర్తు చేసుకుంటూ, పాత యజమానిని కూడా పిలిపించి చెప్పించాడు. ఆ యజమాని చెప్పినదాన్ని కూడా ఇంకొకరితో సరిచూశాడు. ఇప్పుడు నేను ఏ ఊళ్ళో ఏ కయ్య పెట్టినా మొదట ఆ ప్రశ్నలే అడుగుతాను. రైతులు విసుక్కుంటారు. నా చదువులో ఎవరూ నేర్పని ఈ ఒక్క పాఠం ఆయన పెట్టిన భిక్ష.

ఆ పంట ఎలా రావాలో అలాగే వచ్చింది. పొడుగు రకం మంద ఎరువు ఒక్కదానితోనే చక్కగా నిలబడింది, యూరియా ఎక్కువ పడ్డచోట పడుకుంది. సన్నాలు ఎక్కువ వేసిన చోట చూడ్డానికి ఊళ్ళోకెల్లా నల్లగా ఉండి, కంకి వేశాక దాని మెడ దగ్గర తెగులు పట్టి తాలు పోయాయి. పొట్టి రకం మేం చెప్పినంతకు బాగా పండింది, ఆపైన వేసిందంతా వృథా. కోతలకు ముందు మళ్ళీ షామియానా వేశారు. తాత ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన అవ్వ. కిందటేడు నవ్వినవాళ్ళంతా ఉన్నారు.

నేను అరగంట మాట్లాడాను. రకాల గురించి, ఆకుల రంగు గురించి, ఏ దశలో ఎంత వేయాలన్నదాని గురించి. ఆ ఒక్క మాట మాత్రం నోటి చివరిదాకా వచ్చి ఆగింది. ఎదురుగా అదే అధికారి ఉన్నారు. నేను తప్పు రిపోర్టు రాశానని నా నోటితో ఎలా చెప్పను? ఇక నా మాట ఎవరు వింటారు? "ధన్యవాదాలు" అని దిగిపోయాను. తాత అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి, "బాగా చెప్పినావు మేడమ్మా. ఒకటి మర్సిపోయినావు" అన్నాడు. "కోతలప్పుడు అందరూ ఉంటారు గదా తాతా, అప్పుడు చెప్తా" అన్నాను. "సరే" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా సరే అనడం నేను ఎప్పుడూ వినలేదు.

కోతలప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. తూకాలు వేసిన సాయంత్రం మూడు రకాల వడ్లు మూడు పొట్లాలు కట్టుకుని వెళ్ళాను. ఆయన ఒక్కో గింజ పంటితో కొరికి చూశాడు. పొట్లాలు మార్చి చెప్పాను, పరీక్షకు. వెంటనే పట్టేశాడు. తర్వాత అడిగాడు. "చెప్పినావా?"

చెప్పలేదు. కోతల హడావిడిలో ఇద్దరున్నారు, నలుగురున్నారు, తర్వాత చెబుదామనుకున్నాను. ఆ మాట ఆయన ముఖంమీద చెప్పలేక, "చెప్పినా తాతా" అన్నాను.

"ఎవురెవురు ఉండారు ఆడ?"

పేర్లు చెప్పాను. కాలువ మొదటి పొలం ఆయన పేరు కూడా చెప్పాను. తాత అన్నీ విని కళ్ళు మూసుకున్నాడు. విత్తనాల సంచి కుట్టు తిరగేసి చూసే మనిషి నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. నమ్మాడా? నా ముఖం చూసి అబద్ధమని తెలుసుకుని, పోనీలే అని ఊరుకున్నాడా? నాలుగు రోజులకే పోయాడు. నాకు ఇప్పటికీ అనుమానమే. ఈ అనుమానం నన్ను వదలదని కూడా తెలుసు.

జమ్మలమడుగులో వాళ్ళ సమాధుల తోటలో పెట్టారు. మరునాడు నేను ఆఫీసుకు వెళ్ళి ఒక కాగితం రాసిచ్చాను. అధికారి చదివి నావైపు అదోలా చూశారు. "ఎవరైనా ఒత్తిడి చేశారా? వాళ్ళ ఇంటివాళ్ళేమైనా అడుగుతున్నారా? ఇప్పుడెందుకమ్మా ఇది, నీకే చెడ్డపేరు" అన్నారు. ఎవరూ అడగలేదన్నాను. నమ్మలేదు. చివరికి నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు.

వారానికి వాళ్ళ ఇంటి ముందు ఆదరణ కూటం పెట్టారు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పడానికి అందరూ చేరి ప్రార్థన చేసుకుంటారు. ఊరి రైతులు కూడా చాలామంది వచ్చారు. పాస్టరయ్య ప్రార్థన ముగించి, ఎవరైనా ఆయన గురించి సాక్ష్యం చెబుతారా అని అడిగారు. నేను లేచాను. "ఆయన ఆ కయ్యలో యూరియా చల్లలేదు" అన్నాను. "అక్కడ నాలుగు రాత్రులు మంద నిలిచింది. నేను అడగకుండా, చూడకుండా ఆయనమీద అబద్ధం రాసినాను. ఇది మీ అందరి ముందర చెప్తానని మాటిచ్చి చెప్పలేదు. చెప్పినానని ఆయనతో ఇంకో అబద్ధమాడినాను."

ఏడుపు ఆపుకోలేక నేను కూర్చోబోతుంటే అవ్వ గొంతు వినిపించింది. "నోటితో చెప్తాండావు. కాగితం మీద రాసినావా?"

నకలు తీసి ఆమె చేతిలో పెట్టాను. అవ్వకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ముద్రను వేలితో తడిమి చూసింది. నన్ను చదవమంటుందనుకున్నాను. నావైపు చూడనైనా లేదు. నేరుగా వెళ్ళి కాలువ మొదటి పొలం ఆయన ముందు నిలబడి, "నువ్వు సదువప్పా, గట్టిగా" అంది. ఆ పెద్ద గొంతు ఆ రోజు పైకి రాలేదు. "ఈ కయ్యలో రైతు యూరియా చల్లలేదు. నేను రాసిన వాక్యం తప్పు" అని చదివాడు. అవ్వ ఆయన పెదాలనే చూస్తూ నిలబడింది. తర్వాత కాగితం తీసుకుని పాస్టరయ్యకిచ్చింది. "మీరు సదవండయ్యా." ఆయనా అదే చదివారు. తర్వాత పక్కింటి కోడలికిచ్చింది. ఆ అమ్మాయీ అదే చదివింది.

అప్పటికీ అవ్వ కాగితం మడవలేదు. వరసలో ఆ పక్కన కూర్చున్న మనిషివైపు చాపింది.